వరి చేలో దీపపు ఎర: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: విజయవాడలో జంతుశాస్త్రం ప్రధాన విషయంగా డిగ్రీ చదువుతున్నాను. కంకిపాడు దగ్గర మా తాతగారి వరి పొలంలో రాత్రిపూట దీపపు ఎర పెట్టి, అక్కడ తిరిగే సీతాకోకచిలుకలు, రెక్కల పురుగులు ఎన్ని రకాలో లెక్కగట్టి ప్రాజెక్టు రాయాలని ఉంది. ఎలాంటి దీపం వాడాలి? ఎరలో పడినవాటిని బట్టి చేలో పురుగు ఉధృతి ఎంతో చెప్పవచ్చునా?
– ఒక విద్యార్థిని, విజయవాడ

జవాబు: మీ పనిని ముందుగా పగటి పని, రాత్రి పని అని రెండుగా విడదీసుకోండి. సీతాకోకచిలుకలు పగలు తిరిగేవి కనుక వాటి కోసం దీపం దగ్గర కూర్చుని ప్రయోజనం లేదు. మెలానిటిస్ లీడా అనే గోధుమరంగు సీతాకోకచిలుక మాత్రం మునిమాపు వేళ ఎగురుతుంది, అప్పుడప్పుడు దీపానికీ వస్తుంది. దీని గొంగళి పురుగు వరి ఆకులను, గడ్డిని తింటుంది. తల మీద రెండు కొమ్ములుంటాయి కనుక సులభంగా గుర్తుపట్టవచ్చు. వానకాలంలో పుట్టినదానికి రెక్కల అడుగున కళ్ళలాంటి గుండ్రని మచ్చలు స్పష్టంగా కనిపిస్తాయి, పొడికాలంలో పుట్టినది అచ్చం ఎండుటాకులా ఉంటుంది; ఒకే జాతిని రెండు జాతులుగా రాసుకునే ప్రమాదం ఇక్కడే ఉంది.

మిగిలిన సీతాకోకచిలుకలకు, బ్రిటన్‌లో ఎర్నెస్ట్ పోలార్డ్ 1970లలో రూపుదిద్దిన నడక పద్ధతి మన పొలం గట్లకు చక్కగా సరిపోతుంది. ఎండ బాగా కాసి, గాలి తక్కువగా ఉన్న పూట ప్రతిసారీ అదే గట్టు మీద, అదే వేగంతో నడుస్తూ, ఇరువైపులా రెండున్నర మీటర్లలోను, ఎదుట అయిదు మీటర్లలోను కనిపించినవాటినే రాసుకోవాలి. గట్టు మీది జిల్లేడును మరువకండి, నారింజ రంగు రెక్కల డానాయస్ క్రిసిప్పస్ గుడ్లు పెట్టేది దాని మీదే.

ఇక దీపం. పురుగుల కళ్ళు అతినీలలోహిత కాంతిని బాగా పసిగడతాయి. మన కంటికి ధగధగలాడే తెల్ల ఎల్‌ఈడీ బల్బులో ఆ కాంతి దాదాపు ఉండదు కనుక, అతినీలలోహిత ట్యూబు దొరికితే దానినే తీసుకోండి. రకాలను గుర్తించడమే ముఖ్యమైతే, దీపం కింద పురుగులు జారి పడేలా అమర్చే గరాటా, డబ్బా కన్నా దీపం వెనుక కట్టిన తెల్ల పంచె మేలు: వాలినవాటిని ఫొటో తీసుకుని వదిలేయవచ్చు. నీళ్ళ పళ్ళెంలో పడిన పురుగు రెక్కల మీది పొడి రాలిపోయి గుర్తుపట్టడానికి పనికిరాదు.

వరిలో మీకు ముందుగా పరిచయమయ్యేది కాండం తొలుచు పురుగు. ఆడదాని ముందు రెక్కలు పసుపు రంగులో ఉండి, ఒక్కొక్క దాని మీద ఒక్క నల్లచుక్క కనిపిస్తుంది. పొట్ట చివర కుచ్చులా నూగు ఉంటుంది. ఆకు కొన దగ్గర గుంపుగా పెట్టిన గుడ్లను అది ఆ నూగుతోనే కప్పేస్తుంది. మగది చిన్నది, వెలిసిన గోధుమరంగుది. ఆకుముడత పురుగు రెక్కల మీద ముదురు గీతలు అడ్డంగా సాగుతాయి. తెల్లటి రెక్కల మీద లేత గోధుమ మచ్చలున్న చిన్నది గూళ్ళ పురుగు తల్లి కావచ్చు.

మీ చివరి ప్రశ్నే అసలైనది. ఎరలో పడిన సంఖ్య ఆ రాత్రి ఆ దీపం దగ్గరికి వచ్చినవాటి లెక్కే తప్ప చేలో ఉన్నవాటి లెక్క కాదు. పురుగులు దీపం చుట్టూ ఎందుకు గింగిరాలు కొడతాయన్న దానిపై 2024 జనవరిలో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. ఎగిరే పురుగు వెలుగున్న వైపే ఆకాశం అనుకుని వీపును అటు తిప్పుతుందని, అందుకే దగ్గరలోని దీపాన్ని వదలలేక తిరుగుతుందని హైస్పీడ్ కెమెరాలతో చూపించారు. అంటే ఊరవతలి పురుగును దీపం పిలుచుకు రావడం కన్నా, పక్కనుంచి పోయేదాన్ని చిక్కించుకోవడమే ఎక్కువ. వెన్నెల, గాలి, వాన ఈ లెక్కను తారుమారు చేస్తాయి. కార్తీక పౌర్ణమి నాడు పలచగా పడి, అమావాస్యకు దట్టంగా పడితే, ఆ రెండు వారాల్లో పురుగు పెరిగిందని రాయడం తొందరపాటు. అందువల్ల సంఖ్య పక్కనే తిథి, మబ్బు, గాలి, దీపం వెలిగించిన వేళ, ఆర్పిన వేళ, పైరు పిలకలు వేసే దశలో ఉన్నదా, లోపల కంకి ఏర్పడే చిరుపొట్ట దశలో ఉన్నదా అన్నది తప్పకుండా రాయండి. ఆ వివరాలు లేని పట్టికను ఎంత అందంగా గీసినా నేను పట్టించుకోను. దీపాన్ని, చోటును మధ్యలో మార్చవద్దు. వీధి దీపాలకు దూరంగా పెట్టండి.

ఒక జాగ్రత్త. నలుపు, నారింజ పట్టీలతో చీమలా కనిపించే పెడరస్ అనే చిన్న పెంకు పురుగు కూడా దీపానికి వస్తుంది. అది చేలో పైరు రసం పీల్చే దోమను తినే మిత్రపురుగే, కాని మెడ మీద వాలినప్పుడు నలిపితే అందులోని రసం చర్మాన్ని బొబ్బలెక్కిస్తుంది. ఊది పారదోలండి, నలిగితే వెంటనే సబ్బుతో కడుక్కోండి. మోకాళ్ళ దాకా బూట్లు, చేతిలో టార్చి లేకుండా రాత్రి గట్టు ఎక్కవద్దు.

ప్రశ్న: దీపపు ఎర పెడితే కాండం తొలుచు పురుగు పోతుందని ఒకరంటే, చుట్టుపక్కల పురుగంతా మన చేలోకే వస్తుందని పక్క చేను రైతు అంటున్నాడు. ఏది నిజం?
– ఒక రైతు, దుగ్గిరాల

జవాబు: పక్క చేను రైతు మాట పూర్తిగా కొట్టిపారేయదగినది కాదు. దీపం దగ్గరికి వచ్చినవన్నీ గరాటాలో పడవు. కొన్ని చుట్టుపక్కల పైరు మీద వాలి అక్కడే గుడ్లు పెడతాయి. కాబట్టి ఎరను చేను నడుమ కాక, పైరుకు ఎడంగా కళ్ళం వైపు పెట్టండి. అది పురుగు రాకను కనిపెట్టడానికే గాని, ఒక్క దీపంతో పురుగును వదిలించుకోలేరు. తెల్లవార్లూ వెలిగిస్తే మిరిడ్ నల్లుల వంటి మిత్రపురుగులూ చస్తాయి కనుక రాత్రి పది గంటలకు ఆర్పేయడం మంచిది. మందు కొట్టాలా వద్దా అన్నది ఎరను చూసి కాక చేలో దిగి తేల్చుకోండి: చదరపు మీటరుకు ఒక రెక్కల పురుగు గాని, ఒక గుడ్ల గుంపు గాని, లేదా పిలక దశలో నూటికి అయిదు మొవ్వులు ఎండిపోవడం గాని కనిపిస్తే అప్పుడే. ఊడ్పులకు ముందు నారు కొనలు తుంచి కాల్చేస్తే గుడ్లు చాలావరకు అక్కడే పోతాయి. కోతకు ముందే మినుము చల్లే మన డెల్టా చేలలో కోత కాగానే దున్నడం కుదరదు, పురుగు కొయ్యకాళ్ళలోనే ఉండిపోతుంది. అందుకని వరిని నేలకు వీలైనంత దగ్గరగా కోయించండి.