ఎలాగూ చంపదలచుకున్నప్పుడు, ముందుగా అంతగా అవమానించడం ఎందుకు?

నాజీ నిర్బంధ శిబిరాలలో యూదులకు గుండు గీయించి, చేతిపై అంకెలు పచ్చబొట్టు పొడిపించి, మురికిలో ఉంచి అంతగా హీనపరచడం కాపలావాళ్ల పైశాచికత్వం వల్లనేనా అని మీరు అడిగారు. పైశాచికత్వానికి అక్కడ కొదవ లేదు. అయినా ఆ అవమానం చాలావరకు ఒక పద్ధతి ప్రకారం సాగిన పని అని నేను నమ్ముతున్నాను. నాజీలు ఆక్రమించిన పోలండ్‌లో యూదులను చంపడానికే నడిపిన ట్రెబ్లింకా శిబిరానికి అధిపతిగా పనిచేసిన ఫ్రాంజ్ స్టాంగల్‌ను 1971లో జైలులో ఒక పాత్రికేయురాలు ఇంచుమించు ఇదే ప్రశ్న అడిగారు. ఆ చంపే పని స్వయంగా చేయవలసిన వాళ్లను అందుకు సిద్ధం చేయడానికే అన్నది అతడి జవాబు సారాంశం.

ఆ జవాబు చదవడానికి ముందే నేను పోలండ్‌లోని ఆష్విట్జ్ చూశాను; ఒకప్పటి ఆ నాజీ శిబిరం ఇప్పుడు మ్యూజియం. జర్మనీలో చదువుకుంటున్న రోజులలో, 2018 నవంబరులో, క్రాకోవ్ నుంచి బస్సులో వెళ్లాను. అక్కడి భవనాలను బ్లాకులంటారు; నాలుగవ బ్లాకులో పొడవైన అద్దం వెనుక దాదాపు 2 టన్నుల వెంట్రుకలు ఉన్నాయి. 1945 జనవరి 27న సోవియట్ సైన్యం శిబిరంలోకి వచ్చేసరికి, జర్మన్ కర్మాగారాలకు పంపడానికి సంచులలో కట్టి ఉంచినవి సుమారు 7 టన్నులు. వాటిలో కొన్ని జడలు అల్లినవి అల్లినట్టే ఉన్నాయి. ఆ గదిలో ఫొటోలు తీయనివ్వరు. ఆ నిషేధం పూర్తిగా సబబైనది.

ఆష్విట్జ్‌కు తరలించిన సుమారు 13 లక్షల మందిలో ఖైదీలుగా నమోదైనవారు 4 లక్షలే. నమోదు కానివారిలో అత్యధికులను, ముఖ్యంగా పిల్లలను, వృద్ధులను, రైలు దిగిన కొద్ది గంటలలోనే గ్యాస్ గదులలో చంపేశారు. పనికి పనికొస్తారని మిగిల్చిన వారి బట్టలు తీసుకుని, ఒంటిమీది వెంట్రుకలన్నీ గీసి, ఎడమ చేతిపై అంకె పొడిచేవారు. ఇలా పచ్చబొట్టు పొడవడం ఆష్విట్జ్‌లో తప్ప మరే నాజీ శిబిరంలోనూ లేదు. ఆనాటి నుంచి పిలుపు ఆ అంకెతోనే, అదీ జర్మన్‌లోనే. గ్రీసు నుంచి వచ్చి ఒక్క జర్మన్ ముక్క రానివారు కూడా దానిని వెంటనే గుర్తుపట్టక తప్పదు. రాత్రి చనిపోయినవారి శవాలను సైతం తోటి ఖైదీలు ఉదయం వరుసలోకి మోసుకురావలసి వచ్చేది, ఎందుకంటే అధికారులకు కావలసింది లెక్క సరిపోవడం.

ఆష్విట్జ్‌లో భాగమైన బిర్కెనౌ శిబిరంలో ఖైదీలను ఉంచిన చెక్క బారకులు 52 గుర్రాలను కట్టే శాలల నమూనాలో కట్టినవి. ఒక్కొక్క దానిలో 400 మందికి పైగా మనుషులను కుక్కారు. మరుగుదొడ్డికి వెళ్లడానికి కూడా వేళలు నిర్ణయించారు, నీళ్ల విరేచనాలతో బాధపడుతున్నవారికి సైతం ఆ వేళలే. కొద్ది వారాలలో మనిషి ఎముకల గూడై, మురికిపట్టి, రొట్టెముక్క తప్ప మరో ఆలోచన లేని స్థితికి చేరేవాడు. యూదులు మురికివాళ్లని, తమకన్నా తక్కువ జాతి అని నాజీలు ఏళ్ల తరబడి చెప్పిన అబద్ధానికి రుజువును శిబిరం ఇలా తన చేతులతో తయారు చేసి, కాపలావాడి కళ్లముందు నిలబెట్టింది. అలా కనిపించే వారిని కొట్టడం, చంపడం అతడికి తేలికయ్యేది. స్టాంగల్ మాటలో నాకు అర్థమైనది ఇదే.

నిజానికి ఇది శిబిరం గేటు దగ్గర మొదలు కాలేదు. 1938 ఆగస్టులో జర్మనీలో తెచ్చిన ఆదేశం ప్రకారం, ప్రభుత్వం యూదుల పేర్లుగా గుర్తించిన జాబితాలో తమ పేరు లేనివారు, మరుసటి జనవరి నుంచి, మగవారైతే ఇజ్రాయెల్ అని, ఆడవారైతే సారా అని రెండో పేరు తగిలించుకోవలసి వచ్చింది. అంకె పొడవడానికి కొన్నేళ్ల ముందే, తల్లిదండ్రులు పెట్టిన పేరు మీద చెయ్యి పడింది.

ఐదవ బ్లాకులో సూట్‌కేసుల మీద ఆ పేర్లు కనిపిస్తాయి. మళ్లీ తమ చేతికి వస్తాయన్న నమ్మకంతో వాటిమీద పెద్ద అక్షరాలతో రాసుకున్న పేర్లు, పుట్టిన తేదీలు, ఊర్లు అవి. ఇరవై ఏడవ బ్లాకులో, చనిపోయిన లక్షలాది యూదుల పేర్లు అచ్చువేసిన నిలువెత్తు పుస్తకం ఉంది; చాలాచోట్ల ఒకే ఇంటిపేరు పుటల మీద పుటలుగా సాగుతుంది. నాకు తెలిసినవారు అందులో ఎవరూ లేరు. అయినా ఒక పుట తెరిచి, పై వరుస నుంచి కింది వరుస వరకు ఒక్కొక్క పేరూ, పుట్టిన ఊరూ చదివాను. బస్సు వేళ మించిపోతుందని తోటి విద్యార్థి రెండుసార్లు వచ్చి పిలిచాడు.