క్యాంపస్ పోలీసు పిలిస్తే 'కాలేజీ వాళ్లే కదా' అని వెళ్లిపోవచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో, టెక్సాస్‌లోని ఒక ప్రభుత్వ యూనివర్సిటీలో ఎం.ఎస్. రెండో సెమిస్టరు చదువుతున్నాడు. మూడు వారాల క్రితం రాత్రి పదకొండు దాటాక ల్యాబ్ నుంచి రూముకి నడిచి వెళ్తుంటే యూనివర్సిటీ పోలీసు కారు వచ్చి పక్కన ఆగిందట. ఐడీ అడిగారు, ఇచ్చాడు. బ్యాగు చూడొచ్చా అంటే జిప్ తీసి చూపించాడు. అందులో రెండు ల్యాప్‌టాప్‌లు ఉన్నాయి. ఒకటి తనది, ఇంకోటి ల్యాబ్‌ది. వివరాలు రాసుకుని పంపించేశారు. ఇప్పుడు అదే పోలీసు విభాగం నుంచి డిటెక్టివ్ ఒకాయన 'వీలు చూసుకుని వచ్చి ఓ పది నిమిషాలు మాట్లాడండి' అని ఈమెయిల్ పెట్టాడు. మావాడేమో 'కాలేజీ సెక్యూరిటీ వాళ్లే కదమ్మా, వెళ్లి చెప్పేసి వస్తా' అంటున్నాడు. వీళ్లు నిజం పోలీసులా, కాపలావాళ్లా? వెళ్లొచ్చా? వీసాకి ఏమన్నా అవుతుందా? మేమే యూనివర్సిటీకి ఫోన్ చేసి కనుక్కోవచ్చా? రెండు రోజులుగా నిద్ర లేదు. – ఒక తల్లి

జవాబు: అమ్మా, మిగతాది చదివే ముందు మీ అబ్బాయికి ఫోన్ చేయండి. లాయరుతో మాట్లాడేదాకా ఆ డిటెక్టివ్ దగ్గరికి వెళ్లొద్దని, ఆ ఈమెయిల్‌కి సొంతంగా వివరణలేవీ రాయొద్దని చెప్పండి. కారణాలు తీరిగ్గా చెప్తాను. మీవాడు తప్పు చేశాడని నేను అనుకోవడం లేదు. తప్పు చేయని పిల్లలే ఇలాంటప్పుడు ఎక్కువ మాట్లాడేస్తారు, నా భయం అదీ.

వాళ్లు నిజమైన పోలీసులే. అమెరికా యూనివర్సిటీల్లో రెండు రకాల వాళ్లు ఉంటారు. తలుపులు తాళాలు చూసుకునే సెక్యూరిటీ సిబ్బంది ఒక రకం. ప్రమాణం చేసి, రాష్ట్ర ప్రభుత్వ లైసెన్సు తీసుకుని, నడుముకి తుపాకీ కట్టుకుని తిరిగే పోలీసు అధికారులు రెండో రకం. కారు మీద యూనివర్సిటీ పేరు, పక్కన 'పోలీస్' అని ఉంటే ఆ వచ్చినవాళ్లు రెండో రకమే అనుకోండి. ఈ ఏర్పాటు కొత్తదేం కాదు. 1894లోనే యేల్ యూనివర్సిటీ ఊరి పోలీసుల్లోంచి ఇద్దరిని తీసుకుని తన సొంత దళం మొదలుపెట్టింది. టెక్సాస్ సంగతి వేరు. 1966 ఆగస్టు 1న ఆస్టిన్‌లో యూనివర్సిటీ టవర్ ఎక్కి ఒకడు కింద కనిపించినవాళ్లనల్లా కాల్చాడు. ఆ మరుసటి ఏడాదే ప్రభుత్వ యూనివర్సిటీలు సొంత పోలీసుల్ని పెట్టుకునేలా రాష్ట్ర శాసనసభ చట్టం చేసింది. ఇప్పుడు టెక్సాస్ విద్యా చట్టం ప్రకారం, యూనివర్సిటీకి సొంత స్థలం గానీ అద్దె భవనం గానీ ఉన్న కౌంటీ (మన జిల్లా లాంటిది) అంతా వాళ్ల పరిధి కిందికే వస్తుంది. అంటే గేటు దాటి రోడ్డు మీదికి వచ్చేస్తే వాళ్ల అధికారం అయిపోయిందనుకోవడం తప్పు. అరెస్టు చేయగలరు, కేసు కట్టి కౌంటీ ప్రాసిక్యూటర్‌కి పంపగలరు, జైల్లో పెట్టగలరు.

అమెరికా న్యాయ శాఖ 2011-12 విద్యా సంవత్సరంలో సర్వే చేస్తే, 2,500 మందికి పైగా విద్యార్థులున్న నాలుగేళ్ల కోర్సుల ప్రభుత్వ సంస్థల్లో 92 శాతం చోట్ల ఇలా ప్రమాణం చేసిన పోలీసులే ఉన్నారని తేలింది. ప్రైవేటు సంస్థల్లో అది 38 శాతం.

ఆ రాత్రి జరిగినదానికి వద్దాం. ల్యాప్‌టాప్ దొంగతనాలు జరుగుతున్నాయని అంతకుముందు క్యాంపస్ మొత్తానికి హెచ్చరిక ఈమెయిల్ ఏమైనా వచ్చిందేమో మీవాణ్ణి అడగండి. వచ్చే ఉంటుందని నా అనుమానం. 1986లో పెన్సిల్వేనియాలోని లీహై యూనివర్సిటీలో జీన్ క్లెరీ అనే విద్యార్థిని తన హాస్టల్ గదిలోనే అత్యాచారానికి, హత్యకు గురైంది. క్యాంపస్‌లో ఏం జరుగుతోందో విద్యార్థులకు ఎవరూ చెప్పడం లేదని ఆమె తల్లిదండ్రులు పోరాడారు. దాంతో 1990లో ఫెడరల్ చట్టం వచ్చింది, దాన్ని ఆమె పేరుతోనే క్లెరీ చట్టం అంటారు. విద్యార్థులకు ప్రమాదం పొంచి ఉన్న నేరాల గురించి వెంటనే హెచ్చరించాలి. మూడేళ్ల నేరాల లెక్కలు ఏటా అక్టోబరు 1 లోపు ప్రచురించాలి. పోలీసు విభాగం రోజువారీ నేరాల పట్టీ రాయాలి, గత 60 రోజుల పట్టీ ఎవరడిగినా చూపించాలి. ఈ పట్టీ మీకు పనికొస్తుంది. ఆ రాత్రి ఎక్కడ, ఏ రకం నేరం జరిగిందని ఫిర్యాదు వచ్చిందో అందులో ఉంటుంది. మీరు పెట్టుకునే లాయరు ముందు చూడవలసింది అదే.

అనుమానానికి తగిన ఆధారం ఉంటే పోలీసు మనిషిని కాసేపు ఆపి ప్రశ్నించవచ్చని 1968లో సుప్రీంకోర్టు చెప్పింది. ఐడీ ఇవ్వడం మంచి పనే. టెక్సాస్‌లో నడిచి వెళ్తున్న మనిషి అరెస్టు కాకముందు పేరు చెప్పకపోవడం నేరం కాదు గానీ, ఆపినప్పుడు తప్పుడు పేరు చెప్తే నేరం. బ్యాగు విషయం మాత్రం వేరు. 'చూడొచ్చా' అని అడిగారంటే బహుశా వాళ్ల దగ్గర వారెంటు లేదు, మీవాడి ఒప్పుకోలు కావాలి. 'వద్దండీ, వెతకడానికి నేను ఒప్పుకోను' అని మర్యాదగా అని ఉండొచ్చు. కాదనే హక్కు ఉందని పోలీసు ముందే చెప్పాల్సిన పని లేదని 1973లోనే తీర్పు ఉంది కాబట్టి 'నాకెవరూ చెప్పలేదు' అనే వాదన నిలవదు. అయ్యిందేదో అయ్యింది, దాని గురించి పిల్లాణ్ణి తిట్టకండి. అర్ధరాత్రి తుపాకీ ఉన్న మనిషి ఎదురుగా నిలబడి అడుగుతుంటే ఇరవై మూడేళ్ల కుర్రాడు జిప్ తీయక ఏం చేస్తాడు! ఇంకోసారి ఎవరైనా ఆపితే చేతులు కనపడేలా ఉంచమనండి, జేబులోకి గబుక్కున పోనివ్వొద్దనండి. టెక్సాస్ ప్రభుత్వ యూనివర్సిటీల్లో 2016 నుంచి లైసెన్సు ఉన్నవాళ్లు తుపాకీ దాచుకుని తిరగొచ్చు, అందుకే పోలీసు ముందు చూసేది చేతుల్నే. ఆ తర్వాత 'నేను వెళ్లొచ్చా?' అని అడగాలి. వెళ్లమంటే వెళ్లిపోవాలి.

ఇక ఆ 'పది నిమిషాలు'. అసలు ప్రమాదం ఇక్కడుంది.

1977లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చిన కేసొకటి చెప్తాను. ఆరెగాన్‌లో ఒక దొంగతనం మీద పోలీసు అధికారి ఒకతనికి కబురు పెట్టాడు. అతను తనంతట తనే ఆఫీసుకి వచ్చాడు. అధికారి కరచాలనం చేసి, లోపల కూర్చోబెట్టి, నువ్వు అరెస్టు కాలేదని చెప్పి, తలుపు వేశాడు. తర్వాత 'నీ వేలిముద్రలు దొరికాయి' అన్నాడు. అది అబద్ధం. ఐదు నిమిషాల్లో ఆ మనిషి ఒప్పేసుకున్నాడు. ఆ రోజు అతన్ని ఇంటికి పంపించేశారు, శిక్ష తర్వాత పడింది. సినిమాల్లో వినే 'మౌనంగా ఉండే హక్కు నీకుంది' అన్న మాట అతనికి ముందుగా చెప్పలేదు కదా అంటే, అతను నిర్బంధంలో లేడు, తనే వచ్చాడు, కాబట్టి చెప్పనక్కర్లేదని కోర్టు అంది. ఆ మాట ముందే చెప్పి తీరాలన్న 1966 నాటి మిరాండా తీర్పు రక్షణ నిర్బంధంలో ఉంచి ప్రశ్నించినప్పుడే. మీవాడికి వచ్చిన ఈమెయిల్ మళ్లీ చదవండి. 'వీలు చూసుకుని', 'మాట్లాడండి'. రాకపోతే ఏమవుతుందో అందులో లేదు. అంటే అది పిలుపే గానీ కోర్టు ఆదేశం కాదు. వెళ్లకపోవడం నేరం కాదు.

మీవాడు నిజమే చెప్తాడు, నాకు తెలుసు. కానీ ల్యాబ్ ల్యాప్‌టాప్ ఎవరి అనుమతితో తీసుకెళ్లాడు, రిజిస్టర్‌లో సంతకం ఉందా, ప్రొఫెసర్ నోటిమాటగా చెప్పాడా అన్న దగ్గర టెన్షన్‌లో ఒక తేదీ తప్పు చెప్పినా అది తర్వాత 'మాట మార్చాడు' అని రాసుకుంటారు. లాయరు ద్వారా అదే సమాధానం, రిజిస్టర్ కాగితంతో సహా వెళ్తే చాలాసార్లు వ్యవహారం అక్కడితో ముగుస్తుంది. డిటెక్టివ్‌కి ఏమైనా రాయాలంటే 'మా లాయరు మీతో మాట్లాడతారు' అన్న ఒక్క వాక్యం చాలు. పాత మెసేజీలు, ఈమెయిళ్లు ఒక్కటి కూడా డిలీట్ చేయొద్దనండి. అమాయకంగా చేసినా సాక్ష్యం మాయం చేశాడన్న మాట పడుతుంది.

వీసా సంగతి అడిగారు. భయపెట్టాలని కాదు, లెక్క తెలియాలని చెప్తున్నాను. టెక్సాస్‌లో 750 డాలర్ల నుంచి 2,500 డాలర్ల లోపు వస్తువు దొంగతనం 'క్లాస్ ఏ' నేరం. ఏడాది దాకా జైలు, 4,000 డాలర్ల దాకా జరిమానా. మామూలు ల్యాప్‌టాప్ ధర ఆ గీతల మధ్యే ఉంటుంది. దొంగతనాన్ని ఇమిగ్రేషన్ చట్టం మామూలుగా నైతిక పతనం కిందికి వచ్చే నేరంగా చూస్తుంది. దేశంలోకి వచ్చిన ఐదేళ్ల లోపు అలాంటి నేరం చేసి దోషిగా తేలి, దానికి ఏడాది శిక్ష పడే అవకాశం ఉంటే చాలు, నిజంగా ఒక్క రోజు జైలుకి వెళ్లకపోయినా దేశం నుంచి పంపించేయొచ్చు. మన పిల్లలు ఎక్కువగా మోసపోయేది ఇంకో చోట. టెక్సాస్‌లో 'డిఫర్డ్ ఎడ్జుడికేషన్' అని ఉంది. నేరం ఒప్పుకుంటే కోర్టు శిక్ష పక్కనపెట్టి కొంతకాలం గమనించి కేసు మూసేస్తుంది. రాష్ట్ర చట్టం దృష్టిలో అది శిక్షపడ్డ కేసు కాదు, ఇమిగ్రేషన్ చట్టం దృష్టిలో మాత్రం శిక్షపడ్డట్టే. 'ఒప్పేసుకో, రికార్డు ఉండదు' అని ఎవరన్నా సరే సంతకం పెట్టొద్దు. క్రిమినల్ కేసు లాయరు ఇమిగ్రేషన్ పర్యవసానాలు కూడా చెప్పి తీరాలని 2010లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది, ఆ ప్రశ్న నోరు తెరిచి అడగమనండి. ఇప్పటిదాకా మీవాడి మీద కేసు లేదు, అరెస్టు లేదు కాబట్టి వీసా దరఖాస్తులో 'ఎప్పుడైనా అరెస్టయ్యారా' అన్నదానికి ఈ సంఘటన వల్ల 'అవును' అని రాయాల్సిన పని కూడా లేదు.

క్యాంపస్ పోలీసులకి ఇమిగ్రేషన్ అధికారం ఉంటుందా అని కూడా చాలామంది అడుగుతున్నారు. మామూలుగా ఉండదు. ఫెడరల్ ప్రభుత్వంతో ప్రత్యేక ఒప్పందం చేసుకుంటేనే వస్తుంది. ఫ్లోరిడాలో 2025లో కొన్ని ప్రభుత్వ యూనివర్సిటీల పోలీసు విభాగాలు అలా చేసుకున్నాయి. ఎక్కడున్నా పద్దెనిమిది దాటిన విదేశీయులు తమ రిజిస్ట్రేషన్ రుజువు వెంట ఉంచుకోవాలన్నది చట్టం. ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఉన్నవాళ్లకి దేశంలోకి వచ్చినప్పుడు నమోదయ్యే ఐ-94 ఆ రుజువు. దాంతోపాటు పాస్‌పోర్టు, యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రం కాపీలు బ్యాగులో ఉంచుకుంటే మేలు.

రూము సంగతి క్లుప్తంగా. హాస్టల్ గది యూనివర్సిటీదే అయినా, నేర సాక్ష్యం కోసం పోలీసులు వెతకడానికి విద్యార్థి తరఫున ఒప్పుకునే అధికారం యూనివర్సిటీకి లేదని 1971లో ఒక ఫెడరల్ అప్పీలు కోర్టు తేల్చింది. టెక్సాస్ అప్పట్లో ఆ కోర్టు పరిధిలోనే ఉంది, ఇప్పటికీ ఉంది. వారెంటు లేకుండా తలుపు తడితే తలుపు తీయకుండానే లోపలినుంచి మాట్లాడొచ్చు. తలుపు బార్లా తీస్తే కంటికి కనపడేదంతా వాళ్లు చూసినట్టే. వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక విద్యార్థి మద్యం సీసాతో దొరికి, ఐడీ రూములో ఉందన్నాడు. క్యాంపస్ పోలీసు వెంట వెళ్లి గుమ్మంలో నిలబడ్డాడు. బల్ల మీద గంజాయి గింజలు కనిపించాయి, రూమ్మేట్ కూడా ఇరుక్కున్నాడు. 1982లో సుప్రీంకోర్టు పోలీసు చేసింది సబబే అంది.

పోలీసు కేసు కాకపోయినా యూనివర్సిటీ క్రమశిక్షణ విభాగం నుంచి విడిగా నోటీసు రావచ్చు. అది వేరే దారి. అక్కడ నేరం నిస్సందేహంగా రుజువు కానక్కర్లేదు, జరిగే ఉంటుందన్న మొగ్గు చాలు. సస్పెన్షన్ పడితే చదువు ఆగుతుంది, చదువు ఆగితే ఎఫ్-1 హోదా పోతుంది. ఆ విచారణలో అన్న మాటలు తర్వాత క్రిమినల్ కోర్టుకి చేరొచ్చు. కాబట్టి నోటీసు వస్తే గడువు వదలకుండా, లాయరుకి చూపించి జవాబివ్వాలి. యూనివర్సిటీలో విద్యార్థుల కోసం ఉచిత న్యాయ సహాయ కార్యాలయం ఉందేమో చూడమనండి. చాలాచోట్ల ఉంటుంది. కాకపోతే యూనివర్సిటీకే ఎదురెళ్లే కేసుల్లో వాళ్లు తప్పుకోవచ్చు, అప్పుడు బయట లాయరు తప్పదు. అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసువాళ్లు మంచివాళ్లే, కానీ వాళ్లతో చెప్పినది లాయరుతో చెప్పినట్టు రహస్యంగా ఉండదు.

మీరు యూనివర్సిటీకి ఫోన్ చేస్తే? 1974 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం కాలేజీలో చేరిన విద్యార్థి రికార్డుల మీద హక్కు విద్యార్థిదే. తల్లి అయినా వాళ్లు వివరాలు చెప్పకపోవచ్చు, దాన్ని అవమానంగా తీసుకోకండి. క్యాంపస్ పోలీసు రికార్డులకి ఆ చట్టం రక్షణ లేదు, అవి వేరే ఖాతా. అయినా సరే ఈ కేసు గురించి పోలీసులకి మీరు ఫోన్ చేయొద్దు. 'మావాడు ఫలానా రోజు కూడా తెచ్చుకున్నాడండీ' అని మీరు ప్రేమగా అన్న మాట కూడా ఫైలులోకి వెళ్తుంది. ఒకవేళ అరెస్టంటూ జరిగితే, భారత కాన్సులేట్‌కి తెలియజేయమని అడిగే హక్కు వియన్నా ఒప్పందం కింద మీవాడికి ఉంది. టెక్సాస్‌కి హ్యూస్టన్‌లో మన కాన్సులేట్ ఉంది.

ఇంత చెప్పాక ఒక్కటి చెప్పకపోతే ఆ పోలీసులకి అన్యాయం చేసినవాణ్ణవుతాను. వాళ్ల పనిలో పెద్ద భాగం పిల్లల్ని చూసుకోవడమే. రాత్రి ల్యాబ్ నుంచి రూముదాకా తోడు రమ్మంటే చాలా క్యాంపస్‌లలో ఎవరినైనా పంపిస్తారు. ల్యాప్‌టాప్ సీరియల్ నంబరు వాళ్ల దగ్గర నమోదు చేయించుకోవచ్చు. మీవాడు తన సొంతదాన్ని అలా చేయించి ఉంటే ఆ రాత్రి ఒక ల్యాప్‌టాప్ సంగతన్నా అక్కడికక్కడే తేలిపోయేది. అన్నిటికన్నా మీకు పనికొచ్చేది, పిల్లాడు రోజంతా ఫోన్ ఎత్తకపోతే ఆ విభాగానికి ఫోన్ చేసి 'వెల్‌ఫేర్ చెక్' అని అడగొచ్చు. పేరు, అడ్రసు చెప్తే మనిషి వెళ్లి తలుపు తట్టి చూసి వస్తాడు. ఇక్కడినుంచి అమెరికా అత్యవసర నంబరు 911 కొడితే అక్కడ కలవదు. ప్లస్ ఒకటి కోడ్‌తో ఆ విభాగం పది అంకెల నంబరు కావాలి, అది యూనివర్సిటీ అధికారిక సైటులో ఉంటుంది. 'క్యాంపస్ పోలీసునండీ, గిఫ్ట్ కార్డులు కొని నంబర్లు చెప్పు' అంటూ ఎవరైనా మీవాడికి ఫోన్ చేస్తే అది మోసం. పెట్టేసి, సైటులో ఉన్న నంబరుకే తిరిగి చేసి అడగాలి.

లాయరుతో మొదటి మాట అయ్యాక రిజిస్టర్ కాపీ, డిటెక్టివ్ ఈమెయిల్ దగ్గర పెట్టుకుని మళ్లీ రాయండి, చదివి చెప్తాను.