చట్టాన్ని ధిక్కరించినవాళ్లకు ప్రభుత్వ సన్మానమా?

"చట్టాన్ని కాదన్నవాళ్లను సమాజం ఎలా గౌరవిస్తుంది?" అన్న ప్రశ్నకు నా జవాబు ఇది. నేను చెప్పేది శాసనోల్లంఘన గురించి, అంటే ఆయుధం పట్టకుండా, అన్యాయమనిపించిన చట్టాన్ని బాహాటంగా ధిక్కరించడం గురించి.

విగ్రహాలు, వీధుల పేర్లు అందరికీ తెలిసినవే. అమెరికాలో మార్టిన్ లూథర్ కింగ్ పేరిట 1986 నుంచి జాతీయ సెలవు ఉంది. గాంధీని జైల్లో పెట్టిన బ్రిటన్‌లోనే, లండన్ పార్లమెంట్ స్క్వేర్‌లో 2015లో ఆయన విగ్రహం వెలిసింది.

నన్ను ఎక్కువగా కదిలించేది మాత్రం మన తామ్రపత్రం. 1972లో, స్వాతంత్ర్యానికి 25 ఏళ్లు నిండినప్పుడు, సమరయోధులకు ఈ రాగి రేకులు ఇచ్చారు. అనంతపురంలో మా పక్కింటి గోడకు ఒకటి ఉండేది. దానిమీద మూడు సింహాల ముద్ర. పంద్రాగస్టు ముందురోజు ఆ ఇంటి అవ్వ దాన్ని దించి, చింతపండుతో తళతళా తోమేది. 1972లోనే మొదలైన సమరయోధుల పింఛనుకు సాధారణంగా కనీసం ఆరు నెలలు జైల్లో ఉన్నట్టు రుజువు చూపాలి. ఒకప్పటి శిక్షే అర్హతగా మారిందన్నమాట!

కర్నూలులో పుట్టిన పత్రికా సంపాదకుడు గాడిచర్ల హరిసర్వోత్తమరావు 1908లో రాజద్రోహం కేసులో జైలుకెళ్లారు. ఆయనను జనం ఆంధ్ర తిలక్ అని పిలుచుకున్నారు. ఓర్వకల్లు విమానాశ్రయానికి పేరు పెట్టుకున్న ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని కూడా కొందరు ఈ కోవలోనే చేరుస్తారు. ఆయనంటే నాకూ ఎంతో గౌరవం. కానీ ఆయనది సాయుధ తిరుగుబాటు, శాసనోల్లంఘన కాదు.