ఎత్తు పెంచిన జిమ్నీ కుదిపేస్తోంది.. లోపం ఎక్కడుందో ఫోన్ చెబుతుందా?

ప్రశ్న: మాది హనుమకొండ సార్. మారుతీ జిమ్నీకి బండిని రెండంగుళాలు పైకి లేపే లిఫ్ట్ కిట్, 215/75 ఆర్15 సైజు మడ్ టైర్లు వేయించాను. బొగత జలపాతం దగ్గర మట్టిదారుల్లో బండి బ్రహ్మాండంగా పోతోంది. ములుగు వైపు హైవే ఎక్కితే మాత్రం చిన్న అతుకు వచ్చినా నడుం పట్టేస్తోంది. 80 దాటితే వణుకు, స్టీరింగ్ కూడా ఒకచోట నిలవడం లేదు. ఇంట్లోవాళ్లు బండెక్కడం మానేశారు. షాపులో నాలుగు షాకబ్జార్లూ మార్చమంటున్నారు. అంత ఖర్చు పెట్టే ముందు, లోపం ఎక్కడుందో ఏదైనా యాప్‌తో తెలుసుకోవచ్చా?

జవాబు: చాలావరకు తెలుసుకోవచ్చు. ఫోన్ పక్కకు తిప్పితే స్క్రీన్ తిరిగేది అందులోని యాక్సిలరోమీటర్ వల్లే. అదే సెన్సర్ బండి కుదుపులనూ కొలుస్తుంది. జర్మనీలోని ఆహెన్ విశ్వవిద్యాలయం వాళ్లు తయారుచేసిన ఫైఫాక్స్ అనే ఉచిత యాప్ ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ దొరుకుతుంది. అందులో ‘యాక్సిలరేషన్ స్పెక్ట్రమ్’ అనే ప్రయోగం తెరవండి. ఫోన్‌ను మొబైల్ హోల్డర్‌లో పెట్టొద్దు, హోల్డర్ తన వణుకు తాను కలుపుతుంది. రెండు ముందు సీట్ల మధ్య గట్టి చోటు చూసుకుని, రెండువైపులా అంటుకునే టేపుతో పడుకోబెట్టి అంటించండి. యాప్ చూసేది పక్క సీట్లో కూర్చున్న మనిషి, మీరు కాదు. ఒకే రోడ్డు ముక్క మీద, టైర్లలో అదే గాలి, బండిలో అదే మనుషులతో 60లో ఒకసారి, 80లో ఒకసారి నడపండి.

ఇప్పుడు గ్రాఫ్‌లో శిఖరాలు ఎక్కడ లేచాయో చూడాలి. ఒకటి రెండు హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు ఒకటి రెండుసార్లు ఊగుతుంటే, అది స్ప్రింగుల మీద బాడీ ఊగడం. స్పీడ్ బ్రేకర్ దాటాక ఆ ఊగు మూడు నాలుగుసార్లు సాగితే షాకబ్జార్లు నీరసించినట్టే, అప్పుడు షాపువాళ్ల మాట నిజం. శిఖరం పది పదిహేను హెర్ట్జ్ మధ్య ఉంటే బాడీ కాదు, కింద ఇరుసూ టైర్లూ ఎగురుతున్నాయి. నడుం పట్టేసే కుదుపు సాధారణంగా ఇక్కడే ఉంటుంది. దీనికి షాకబ్జార్ల కంటే ముందు టైర్లనీ గాలినీ అనుమానించాలి.

మూడో రకం ఇంకోటుంది. మీ టైరు ఎత్తు దాదాపు 703 మిల్లీమీటర్లు, ఒక చుట్టు తిరిగితే 2.2 మీటర్లు పోతుంది. 60లో సెకనుకు ఏడున్నర చుట్లు, 80లో పది. వేగంతో పాటు శిఖరం కూడా ఏడున్నర నుంచి పదికి జరిగితే అది వీల్ బ్యాలెన్సింగ్ లోపం, లేదా టైరు గుండ్రంగా లేకపోవడం. 80 దగ్గర ఆ పది హెర్ట్జ్ పోయి ఇరుసు సహజంగా ఎగిరే వేగంతో కలుస్తుంది. చిన్న బ్యాలెన్స్ తేడా కూడా సరిగ్గా అక్కడ పెద్దదై కనిపిస్తుంది. మడ్ టైర్లకు బురద ఎండి రిమ్ములోపల అంటుకున్నా ఇదే లక్షణం. బొగత నుంచి వచ్చాక రిమ్ముల లోపలి వైపు నీళ్లు కొట్టించారా?

పైసా ఖర్చు లేనిది గాలి, అక్కడ మొదలుపెట్టండి. ‘పెద్ద టైరు కదా’ అని పంక్చర్ షాపులో 35, 40 కొట్టేస్తారు. జిమ్నీ సుమారు 1,200 కిలోల బండి, దానికి అంత గాలి అక్కర్లేదు. డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీద ఉన్న అంకెతో మొదలుపెట్టండి, అంతకంటే తగ్గించి హైవే ఎక్కొద్దు. పొద్దున్నే టైర్లు చల్లగా ఉన్నప్పుడు కొలవండి, అరగంట హైవే మీద నడిపి వెంటనే మళ్లీ కొలవండి. నాలుగు పీఎస్‌ఐ పెరిగితే సరిపోయినట్టు. ఆరేడు పెరిగితే గాలి తక్కువై టైరు నలిగి వేడెక్కుతోంది. ఒకటి రెండే పెరిగితే గాలి ఎక్కువుంది. ఆఫ్‌రోడ్ వాళ్లు చాలాకాలంగా వాడే మోటు లెక్క ఇది. మే నెల మధ్యాహ్నం వరంగల్ ఎండలో చేస్తే మాత్రం తప్పుతుంది, రోడ్డే టైరును కాల్చేస్తుంది.

టైరు సైజుకు ముందు ‘ఎల్‌టీ’ అని ఉందేమో కూడా చూడండి. ఉంటే అది బరువులు మోసే బండ్ల కోసం చేసిన టైరు, సైడ్‌వాల్, అంటే టైరు పక్కగోడ, మందం, బిరుసు. గాలి ఎంత సరిచేసినా కంపెనీ టైరంత మెత్తగా ఉండదు. పైగా మడ్ టైరు బరువంతా స్ప్రింగుకు కిందే ఉంటుంది, ఆ బరువును అదుపు చేయడం షాకబ్జార్లకు కష్టం. నన్నడిగితే నెలకోసారి అడవికీ మిగతా రోజులు హైవేకీ తిరిగే బండికి రోడ్డుకూ మట్టికీ పనికొచ్చే ఆల్ టెరైన్ టైరు చాలు.

స్టీరింగ్ నిలవకపోవడానికి కారణం దాదాపుగా కాస్టర్, అంటే ముందు చక్రం పక్కకు తిరిగే అక్షం వెనక్కి వాలి ఉండే కోణం. జిమ్నీకి ముందు కూడా రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసే. దాన్ని రెండు పొడవాటి ఆర్మ్‌లు ముందుకూ వెనక్కూ కదలకుండా పట్టుకుంటే, పాన్‌హార్డ్ రాడ్ పక్కకు పోకుండా ఆపుతుంది. బాడీ పైకి లేస్తే ఆర్మ్‌లు కిందికి వాలి ఇరుసు కొంచెం తిరుగుతుంది, కాస్టర్ కోణం తగ్గుతుంది. మలుపు తర్వాత స్టీరింగ్ దానంతటది నిటారుకు వచ్చేది ఆ కోణం వల్లే. అలైన్‌మెంట్ షాపులో ‘చేసేశాం సార్’ అంటే ఊరుకోకండి, మిషన్ ఇచ్చే కాగితం అడిగి తీసుకోండి. అందులో కాస్టర్ వరస ఎర్రగా ఉంటే ఎన్నిసార్లు అలైన్‌మెంట్ చేయించినా లాభం లేదు, ఎందుకంటే ఈ బండిలో మామూలుగా సరిచేయగలిగేది టో (పైనుంచి చూస్తే ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) ఒక్కటే. కాస్టర్ కరెక్షన్ బుష్‌లు గానీ, కోణం మార్చి చేసిన ఆర్మ్‌లు గానీ వేయించాలి. ఎత్తు పెంచాక పాన్‌హార్డ్ రాడ్ ఇరుసును కొద్దిగా పక్కకు లాగుతుంది, దానికి సైజు సర్దుకునే రాడ్ వస్తుంది. స్టీరింగ్ వంకరగా ఉండగా బండి తిన్నగా పోతుంటే, బండి జారకుండా చూసే ఈఎస్‌పీకి మీరు మలుపు తిప్పుతున్నట్టు అనిపించి లైటు వెలిగే అవకాశముంది. స్టీరింగ్‌ను చక్రాలకు కలిపే కడ్డీ, అంటే డ్రాగ్ లింక్, సర్ది స్టీరింగ్‌ను మధ్యకు తెప్పించండి.

ఇవన్నీ అయ్యాకే స్ప్రింగులు. కిట్ బిల్లు మీది పార్ట్ నంబర్ చూసి, ఆ స్ప్రింగులు ఎంత బరువుకు తయారయ్యాయో కిట్ కంపెనీ సైట్‌లో వెతకండి. ఇనుప బంపరూ, ఇరుక్కున్న బండిని లాగే వించీ బిగించే బండి కోసం చేసిన స్ప్రింగులను ఖాళీ బండికి అమ్మేయడం మామూలే. అంత బరువు లేకపోతే అవి వంగనే వంగవు, దెబ్బంతా సీటుకే చేరుతుంది. ఆ బరువుకు సరిపోతుందని ఇప్పుడు బుల్ బార్ (బంపర్ ముందు పెట్టే ఇనుప కడ్డీల చట్రం) బిగించేరు! 2017 డిసెంబరులోనే కేంద్ర రవాణా శాఖ వాటిపై చర్యలు తీసుకోవాలని రాష్ట్రాలకు రాసింది. తక్కువ బరువుకు చేసిన స్ప్రింగుల జత వేయిస్తే నాలుగు షాకబ్జార్లు మార్చే అవసరం రాకపోవచ్చు.

స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు చక్రం కిందికి జారి ‘టప్’ మని చప్పుడు వస్తోందా? అయితే పొడుగు స్ప్రింగులకు పాత పొట్టి షాకబ్జార్లే ఉంచేశారు. షాకబ్జార్లు మార్చాల్సింది ఈ సందర్భంలో.

చివరగా మీరు అడగని మాట ఒకటి. గట్టి ఇరుసు ఉన్న బండికి లిఫ్ట్ కిట్ వేస్తే లేచేది బాడీ. ఇరుసు మధ్యలోని గుండు, అంటే డిఫరెన్షియల్, ఉన్నచోటే ఉంటుంది. దాన్ని లేపేది టైరు ఒక్కటే. కంపెనీ 195/80 ఆర్15 టైరు ఎత్తు 693 మిల్లీమీటర్లు. మీ కొత్త టైరుతో తేడా పదిన్నర, అందులో సగం కింద కలిసొస్తుంది. అంటే బండరాయికి తగిలే చోట మీకు పెరిగింది ఐదు మిల్లీమీటర్లు. గట్టు ఎక్కేటప్పుడు ముందు బంపర్ తగలకుండా లిఫ్ట్ పనికొస్తుంది, నిజమే. కానీ కంపెనీ ఇచ్చిన 210 మిల్లీమీటర్ల ఎత్తుతో బొగత, లక్నవరం దారులు హాయిగా తిరగొచ్చు. పాత స్ప్రింగులు ఇంట్లోనే ఉంటే అవి తిరిగి వేయించడం కూడా ఒక మరమ్మతే. ఆర్సీలో ఉన్నదానికి భిన్నంగా బండిని మార్చొద్దని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది, ఇన్సూరెన్స్ క్లెయిమ్ వేళ అది అడ్డొచ్చే అవకాశం ఉంది కూడా.

ప్రశ్న: మంచిర్యాల నుంచి రాస్తున్నా. పాత థార్ సీఆర్‌డీఈ. వెనక కమాన్లను (పట్టీల స్ప్రింగులను) ఛాసిస్‌కు కలిపే షాకిల్స్ పొడుగువి వేసి, ముందు బోల్టులు తిప్పి ఎత్తు లేపారు. కమాన్లు కిర్రుమంటున్నాయి, ముందు భాగం రాయిలా ఉంది.

జవాబు: మీ బండికి ముందు టార్షన్ బార్లు, అంటే మెలిపడుతూ స్ప్రింగులా పనిచేసే కడ్డీలు. బోల్టు తిప్పితే ఎత్తు పెరుగుతుంది కానీ చక్రం కిందికి దిగే జాగా తగ్గిపోతుంది, గుంత రాగానే ఆర్మ్ తన హద్దుకు తన్నుకుంటుంది. ముందు సగం తిప్పు వెనక్కి తీయించండి. వెనక సంగతి: బండి జాకీ మీద ఉండగా కమాన్ బుష్‌ల బోల్టులు బిగించి ఉంటారు. అలా బిగిస్తే బండి కిందికి దిగగానే రబ్బరు మెలిపడి అలాగే ఉండిపోతుంది, కుదుపూ ఎక్కువ, రబ్బరు కూడా తొందరగా చీలుతుంది. బోల్టులన్నీ వదులు చేసి, బండిని నేల మీద నిలబెట్టి నాలుగుసార్లు ఊపి, అప్పుడు బిగించమనండి. గంట పని.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో దొరికే టైర్ ప్రెషర్ సెన్సర్ మూతలు కరీంనగర్ క్వారీ రోడ్లకు ఆగుతాయా?

జవాబు: వాల్వ్ మీద బిగించే మూతలు హైవేకి బాగుంటాయి. క్వారీ రాళ్లకు తగిలి విరిగితే మాత్రం మూతతో పాటు గాలీ పోతుంది. రబ్బరు వాల్వ్ ఉంటే ముందు ఇత్తడి వాల్వ్ వేయించుకోండి, ఆ బరువుకు రబ్బరు మెడ దగ్గర పగులుతుంది. టైర్లు మార్చే పని ఎలాగూ ఉంటే రిమ్ము లోపల బిగించే సెన్సర్లే తీసుకోండి. మట్టిదారి కోసం గాలి తగ్గించినప్పుడు అలారం మోగుతూనే ఉంటుంది, దాన్ని ఆపేసి హైవే ఎక్కేముందు మళ్లీ ఆన్ చేయడం మర్చిపోవద్దు. డిస్‌ప్లేను ఎండాకాలం డాష్‌బోర్డు మీద వదిలేయకండి, లోపలి బ్యాటరీ ఉబ్బుతుంది.