వేప్ బ్యాటరీ పాడైతే కన్స్యూమర్ కేసు వేయవచ్చా?

ప్రశ్న: నేను కూకట్‌పల్లిలో హాస్టల్లో ఉంటూ ఉద్యోగం చేసుకుంటున్నాను. సిగరెట్ మానేద్దామని ఇన్‌స్టాగ్రామ్‌లో ఒకతని దగ్గర ఛార్జింగ్ పెట్టుకునే వేప్‌లు రెండు కొన్నాను. ఒక్కోటి 2,800 రూపాయలు. బ్యాటరీ రెండు రోజులు వస్తుందని, ఆరు నెలల రీప్లేస్‌మెంట్ వారంటీ ఉందని చెప్పాడు. మొదటిది నెల తిరక్కుండానే పూట కూడా రావడం మానేసింది. రెండోది ఛార్జింగ్‌లో ఉండగా ఉబ్బి, పొగలు వచ్చి పరుపు, ప్లగ్ బోర్డు కాలిపోయాయి. ఆర్పబోతే నా అరచెయ్యి బొబ్బలెక్కింది. అమ్మినతను నా నంబర్ బ్లాక్ చేశాడు. హాస్టల్ యజమాని నా అడ్వాన్స్ 15,000 రూపాయలు మొత్తం ఇవ్వనంటున్నారు. కన్స్యూమర్ కోర్టుకు వెళ్తే డబ్బు వస్తుందా? తిరిగి నా మీదే కేసు పెడతారేమోనని టెన్షన్‌గా ఉంది. దుబాయ్ నుంచి వస్తున్న మా బావ మంచి కంపెనీది తెస్తానంటున్నాడు. తెప్పించుకోవచ్చా?

జవాబు: మీ ఉత్తరంలో మూడు వేర్వేరు నష్టాలు కలిసిపోయి ఉన్నాయి. వస్తువుకు పెట్టిన 5,600 రూపాయలు, చేతికైన గాయం, హాస్టల్ అడ్వాన్స్. చట్టం ఈ మూడింటినీ ఒకే కంటితో చూడదు. మొదటిదాని మీద ఆశ వదులుకోండి. రెండోదానిలో మీకు వాదించడానికి చోటు ఉంది. మూడోదానిలో మీ వాదన గట్టిదే. భయపడి మూడింటినీ వదిలేయకండి.

ముందు డబ్బు సంగతి. వేప్ అంటే చట్టం దృష్టిలో ఈ-సిగరెట్టే. మన దేశంలో ఈ-సిగరెట్లను నిషేధిస్తూ 2019 సెప్టెంబర్ 18న ఆర్డినెన్స్ వచ్చింది. అదే ఏడాది డిసెంబర్లో అది చట్టమైంది. తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, పంపిణీ, ప్రకటన, అన్నీ 4వ సెక్షన్ కింద నిషేధం. మొదటిసారి దొరికితే ఏడాది వరకు జైలు, లేదా లక్ష వరకు జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా. 'ఇందులో నికోటిన్ లేదు, ఒట్టి ఫ్లేవర్ మాత్రమే' అని అమ్మేవాళ్లు చెప్పే మాట చెల్లదు. ఏదైనా పదార్థాన్ని వేడిచేసి పీల్చుకునే ఆవిరిగా మార్చే ఎలక్ట్రానిక్ పరికరం ఏదైనా, నికోటిన్ ఉన్నా లేకపోయినా, ఆ నిర్వచనంలోకి వచ్చేస్తుంది. ఈ-హుక్కా కూడా అంతే.

ఇలాంటి వస్తువు అమ్మకం, కొనుగోలు ఒప్పందం 1872 నాటి కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ ప్రకారం మొదటి నుంచీ చెల్లదు. ఒప్పందమే చెల్లనప్పుడు అందులోని ఆరు నెలల వారంటీకి నిలబడే చోటే లేదు. రెండు రోజులు రావాల్సిన బ్యాటరీ పూటకే అయిపోయిందన్నది మామూలు వస్తువు విషయంలోనైతే చక్కటి 'లోపం' కేసు. ఫోన్, ట్రిమ్మర్, పవర్ బ్యాంక్ ఏదైనా సరే, చెప్పిన సామర్థ్యం లేకపోతే వినియోగదారుల కమిషన్ (మీరన్న కన్స్యూమర్ కోర్టు) డబ్బు వాపసు ఇప్పిస్తుంది. ఇక్కడ మాత్రం కమిషన్ మిమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న, నిషేధించిన వస్తువు ఎందుకు కొన్నారనే. చెల్లని ఒప్పందం కింద తీసుకున్న డబ్బు తిరిగివ్వాలని అదే కాంట్రాక్టు చట్టం 65వ సెక్షన్ చెబుతుంది కదా అని కొందరు అడుగుతారు. ఆ ఒప్పందం చట్టవిరుద్ధమని ఇద్దరికీ మొదటే తెలిసి ఉంటే ఆ సెక్షన్ ఉపయోగపడదని కుజు కాలరీస్ కేసులో 1974లోనే సుప్రీంకోర్టు చెప్పింది. 'నాకు నిషేధం సంగతి తెలియదు' అని మీరు వాదించవచ్చు. కానీ చట్టం తెలియకపోవడం సాకు కాదన్నది పాత సూత్రం. పైగా ఇన్‌స్టాగ్రామ్ చాట్‌లో బిల్లు ఇవ్వనని, పేరు లేని ప్యాకింగ్‌లో పంపుతానని అతను రాసి ఉంటే, అది మీకూ తెలుసుననే అర్థం వస్తుంది.

బ్యాటరీ అంత తొందరగా ఎందుకు పోయిందో కూడా చెప్పాలి. మీ గాయం కేసుకు ఆధారం అక్కడే ఉంది. ఈ పరికరాల్లో ఉండేది లిథియం అయాన్ సెల్. మామూలుగా 3.7 వోల్టులు, నిండా ఛార్జ్ అయితే 4.2 వోల్టులు. లోపలి కాయిల్ (వేడిచేసే తీగచుట్ట) వేడెక్కడానికి ఒక్కసారిగా ఎక్కువ కరెంట్ లాగుతుంది. చిన్న సెల్ మీద అంత బరువు పదేపదే పడితే అది తొందరగా అరిగిపోతుంది. మంచి సెల్‌కైతే 4.2 వోల్టులు దాటగానే ఛార్జింగ్ ఆపేసే, షార్ట్ అయితే కరెంట్ కట్ చేసే రక్షణ సర్క్యూట్ ఉంటుంది. చౌక సరుకులో మిగుల్చుకునేది అక్కడే. లోపలి రసాయనం విచ్ఛిన్నమై గ్యాస్ పుడితే సెల్ ఉబ్బుతుంది. ఆ తర్వాత వేడి తనంతట తానే పెరుగుతూ పోతుంది. మన దగ్గర ఫోన్ బ్యాటరీలకైనా, పవర్ బ్యాంకులకైనా బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి. దొంగచాటుగా వచ్చే వేప్‌ను ఎవరు పరీక్షిస్తారు? నిషేధం వల్ల అమ్మకం ఆగలేదు, తనిఖీ మాత్రం పూర్తిగా లేకుండా పోయింది. మీలాంటి పిల్లల జేబుల్లో ఇవి తిరుగుతున్నాయంటే నాకు నిజంగా దిగులుగా ఉంది.

అమెరికా అగ్నిమాపక విభాగం 2017లో ఇచ్చిన నివేదిక ప్రకారం, 2009 నుంచి 2016 చివరి వరకు అక్కడి మీడియాలో వచ్చిన ఇలాంటి పేలుడు, మంటల ఘటనలు 195. గాయపడినవాళ్లు 133 మంది. అందులో 61 ఘటనలు జేబులో ఉండగా జరిగాయి. 2018 మేలో ఫ్లోరిడాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఒకతను చనిపోయాడు కూడా. అక్కడ ఆ వ్యాపారం చట్టబద్ధం కాబట్టి బాధితులు కోర్టుకెళ్లగలుగుతున్నారు. కారులో ఛార్జింగ్ పెట్టిన బ్యాటరీ పేలి కాలిన గాయాలైన మహిళకు 2015లో కాలిఫోర్నియా జ్యూరీ దాదాపు 19 లక్షల డాలర్లు ఇప్పించింది. ఆమె కేసు వేసింది అమ్మిన షాపు మీద, దానికి సరుకిచ్చినవాళ్ల మీద.

మనకూ అలాంటి దారి ఉంది. వినియోగదారుల రక్షణ చట్టం 2019లో 6వ అధ్యాయం ప్రొడక్ట్ లయబిలిటీ గురించే. లోపమున్న వస్తువు వల్ల మనిషికి గాయమైతే తయారీదారు, కొన్ని పరిస్థితుల్లో అమ్మకందారు పరిహారం ఇవ్వాలి. తయారుచేసింది ఎవరో తెలియకపోతే బాధ్యత అమ్మినవాడి మీదే పడుతుందని 86వ సెక్షన్ చెబుతోంది. మీ కేసులో జరిగింది అదే. ఇది వారంటీ మీద ఆధారపడిన హక్కు కాదు, ఎదుటి మనిషికి హాని చేయకూడదన్న బాధ్యత మీద ఆధారపడినది. అందుకే డబ్బు వాపసు కంటే ఇది గట్టి వాదన అని నా అభిప్రాయం. అయితే గెలుపు ఖాయమని చెప్పను. నిషేధ వస్తువని తెలిసి వాడావు కదా అని అవతలివాళ్లు తప్పక అంటారు. పరికరాన్ని మీరు విప్పి మార్చి ఉంటే, తప్పుగా వాడి ఉంటే 87వ సెక్షన్ కింద వాళ్లకు రక్షణ కూడా దొరుకుతుంది. అమ్మినవాడి అసలు పేరు, చిరునామా తెలియకపోతే నోటీసు పంపడమే పెద్ద సమస్య. మీ యూపీఐ లావాదేవీ నంబరు, కొరియర్ కవరు మీది వివరాలు అక్కడ పనికొస్తాయి.

చేతిని మాత్రం వెంటనే డాక్టర్‌కి చూపించండి. ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పండి. లిథియం బ్యాటరీ వల్ల అయిన గాయంలో మంటతో పాటు రసాయనం కూడా చర్మానికి తగిలి ఉండవచ్చు, వైద్యం దాన్ని బట్టి మారుతుంది. చికిత్స కాగితాలు, బిల్లులు దాచండి. కాలిన పరికరం, పరుపు, బోర్డు ఫోటోలు తీసి, చాట్ మొత్తం భద్రం చేయండి. కోర్టులో ఎలక్ట్రానిక్ రికార్డులు పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ సర్టిఫికెట్ కావాలి. కాబట్టి ఆ చాట్ ఉన్న ఫోన్ మార్చకండి, అమ్మకండి. మిగిలిన ఆ ఇంకో వేప్‌ను ఇక ఛార్జింగ్ పెట్టవద్దు, జేబులో వేసుకోవద్దు. చెత్తబుట్టలో కూడా పడేయకూడదు, ఈ-వేస్ట్ సేకరణ కేంద్రానికి ఇవ్వాలి.

ఇక మీ మీద కేసు భయం. ఈ-సిగరెట్ల నిషేధ చట్టాన్ని చదివితే పీల్చినందుకు గానీ, కొన్నందుకు గానీ శిక్ష అని విడిగా ఎక్కడా లేదు. 5వ సెక్షన్ నిషేధించింది 'స్టాక్' నిల్వను. తన ఆధీనంలోని స్థలంలో తెలిసీ నిల్వకు ఒప్పుకున్నవాడికి ఆరు నెలల వరకు జైలు లేదా 50,000 వరకు జరిమానా, లేదా రెండూ. సొంతానికి పెట్టుకున్న రెండు పరికరాలను స్టాక్ అనడం కష్టమని నేను వాదిస్తాను. కానీ ఏ రూపంలో, ఎంత పరిమాణంలో దగ్గర ఉంచుకున్నా ఉల్లంఘనేనని కేంద్ర ఆరోగ్య శాఖ 2023లో చెప్పింది. సబ్ ఇన్‌స్పెక్టర్, ఆపై అధికారులకు సోదా చేసి స్వాధీనం చేసుకునే అధికారమూ ఉంది. కాబట్టి పరికరం స్వాధీనం చేసుకోవడం, ప్రశ్నలు అడగడం జరగవచ్చు. గాయపడిన ఫిర్యాదుదారుగా మీరే ముందు వెళ్తే మీ పరిస్థితి మెరుగ్గా ఉంటుంది. దగ్గరున్నవి స్నేహితులకు అమ్మితే మాత్రం మీరే 4వ సెక్షన్ నిందితులవుతారు, అది చిన్న విషయం కాదు.

వారంటీ ఇవ్వనందుకు చీటింగ్ కేసు పెడితే సరిపోదు. మొదటి నుంచే మోసం చేసే ఉద్దేశం ఉందని చూపించాలి. అమ్మకం, ప్రకటన మీద ఫిర్యాదు ఇవ్వడమే సూటైన దారి. అడ్వకేట్‌ను వెంటబెట్టుకుని వెళ్లండి, మాట జాగ్రత్తగా రాయించుకోవచ్చు.

మీ బావగారికి ఈ రోజే ఫోన్ చేసి వద్దని చెప్పండి. దుబాయ్‌లో అమ్మకం 2019 నుంచి చట్టబద్ధమే, షాపులో బిల్లు కూడా ఇస్తారు. కానీ మన ఎయిర్‌పోర్టులో అడుగుపెట్టగానే అది దిగుమతి అవుతుంది. సొంత వాడకానికి ఒకటో రెండో తెచ్చుకోవచ్చన్న మినహాయింపు చట్టంలో లేదు. కస్టమ్స్ వాళ్లు జప్తు చేస్తారు, పెనాల్టీ వేయవచ్చు, కేసూ పెట్టవచ్చు. గల్ఫ్‌లో ఉద్యోగం చేసుకునే మనిషికి పాస్‌పోర్టుతో ముడిపడిన క్రిమినల్ కేసు ఎంత ఇబ్బందో మీకు చెప్పనక్కర్లేదు. మీరు మొదలుపెట్టింది సిగరెట్ మానడానికే అన్నారు కాబట్టి ఇది కూడా చెబుతాను. నికోటిన్ గమ్ లాంటివి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం కింద లైసెన్సున్న మందులు, వాటికి ఈ నిషేధం వర్తించదు. పొగాకు మానడానికి సాయం చేసే ప్రభుత్వ క్విట్‌లైన్ 1800-112-356కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

చివరగా హాస్టల్. మీ నిర్లక్ష్యం వల్ల నష్టం జరిగితే దాన్ని భరించాల్సింది మీరే. ఉబ్బిన బ్యాటరీని గమనించకుండా మంచం మీద ఛార్జింగ్ పెట్టడం నిర్లక్ష్యమేనని యజమాని అంటే తీసిపారేయలేం. అయితే ఆయన పట్టుకోగలిగింది అసలు నష్టం వరకే. వాడిన పరుపుకు కొత్త పరుపు ధర మొత్తం, ఒక్క ప్లగ్ బోర్డుకు గది మొత్తం వైరింగ్ ఖర్చు అడగడానికి వీల్లేదు. గది అద్దె తీసుకుని వసతి ఇవ్వడం వినియోగదారుల చట్టంలో 'సేవ'. బోర్డింగ్, లాడ్జింగ్ అని పేరు పెట్టి మరీ నిర్వచనంలో చేర్చారు. అంటే వేప్ డబ్బు వాపసు విషయంలో నిలబడని మీ కన్స్యూమర్ కేసు, అడ్వాన్స్ విషయంలో నిలబడుతుంది. ముందు రాతపూర్వకంగా బిల్లులు అడగండి. పరుపు, బోర్డు ఖర్చు ఎంతో తేల్చి మిగతాది 15 రోజుల్లో ఇవ్వమని రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపండి. అందులో నిప్పు ఎలా అంటుకుందో దాచకండి, తర్వాత బయటపడితే మీ మాట చెల్లదు. జవాబు రాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేసి, తర్వాత మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్లో ఈ-జాగృతి అనే ఆన్‌లైన్ పోర్టల్ ద్వారా కేసు వేయవచ్చు. 5 లక్షల లోపు విలువకు ఫీజు లేదు. అడ్వాన్స్ ఇవ్వనన్న రోజు నుంచి రెండేళ్ల గడువు ఉంది. హాస్టల్లో చేరినప్పటి రసీదు, అడ్వాన్స్ కట్టిన బ్యాంకు స్టేట్‌మెంట్ ముందుగా తీసి పెట్టుకోండి.