రక్తం ఆగింది, కానీ వేలి కొస వంగడం లేదు: డాక్టర్ సలహా

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది దేవరకొండ దగ్గర పల్లె. మా ఆయన వయసు 42. నాలుగు రోజుల కింద గెట్టు మీద బర్రెలకు గడ్డి కోస్తుంటే కొడవలి జారి ఎడమ చేతి చిటికెన వేలి మొదట్లో, అరచేతి వైపు లోతుగా తెగింది. అక్కడే గడ్డి చామంతి ఆకు నలిపి రసం పిండారు. ఇంటికొచ్చాక నేను పసుపు, కాఫీ పొడి అద్ది, పాత చీర ముక్క మడతపెట్టి గట్టిగా అదిమి కట్టాను. రక్తం ఆగింది. మర్నాడు ఊళ్లోనే ఆర్‌ఎంపీ దగ్గర టీటీ ఇంజక్షన్ వేయించాం. నొప్పి తగ్గింది. కానీ వేలి కొస వంగడం లేదు, ఒక పక్క మొద్దుబారినట్టు ఉందంటున్నారు. వాపు తగ్గితే అదే వంగుతుందని మా అత్తమ్మ అంటోంది. పత్తి ఏరడం అయ్యాక ఆస్పత్రికి పోదామని ఆయన అంటున్నారు. ఇప్పుడు కుట్లు వేస్తారా? పప్పు, వంకాయ పెడితే చీము పడుతుందా? – ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, పత్తి సంగతి తర్వాత చూసుకోవచ్చు. రేపు పొద్దున్నే ఆయన్ను తీసుకుని బయల్దేరండి. పుండు మానుతోందా, చీము పట్టిందా అన్నదాని కంటే వేలి కొస వంగడం లేదన్న మాటే నన్ను ఎక్కువ కంగారు పెడుతోంది. వాపు వల్ల వేలు బిగుసుకుంటుంది, నిజమే. అయితే వాపు ఉన్న వేలు నొప్పితోనైనా కొంచెం కదులుతుంది. లోతుగా తెగిన చోటికి పైనున్న కణుపు అసలే వంగకపోతే మాత్రం లోపల నరం తెగిందనే ముందు అనుమానించాలి.

నరం అని మనం రెండిటినీ అంటాం. ఒకటి స్పర్శ తెలిపేది. రెండోది వేలిని లాగే తాడు లాంటిది, దాన్ని మేం టెండన్ అంటాం. వేళ్లను ముడిచే కండ ముంజేతిలో ఉంటుంది. అక్కణ్నుంచి ఈ తాళ్లు మణికట్టు మీదుగా, అరచేతిలోంచి వేలి కొసదాకా వెళ్తాయి. సాధారణంగా వేలికి రెండు తాళ్లుంటాయి, ఒకటి నడిమి కణుపును వంచితే రెండోది కొసను వంచుతుంది. అందుకే కొస తాడు ఒక్కటే తెగినప్పుడు వేలి నడిమి కణుపు వంగుతూనే ఉంటుంది, అంతా బాగానే ఉందనిపిస్తుంది. ఈ పొరపాటు ఇంట్లోవాళ్లకే కాదు, తొందరలో చూసిన డాక్టర్లకూ జరుగుతుంది.

ఒక్కసారి ఇలా చూడండి. ఆయన్ను అరచేయి పైకి పెట్టి, చెయ్యి బల్ల మీద ఆనించమనండి. చిటికెన వేలి నడిమి కణుపు కదలకుండా మీ రెండు వేళ్లతో పట్టుకుని, కొస ఒక్కటే మెల్లగా వంచమనండి. అది కదలకపోతే అక్కడితో ఆపేయండి. సగం తెగిన తాడు బలవంతం చేస్తే పూర్తిగా తెగిపోవచ్చు కాబట్టి మళ్లీ మళ్లీ ప్రయత్నించకండి. తర్వాత ఆయన్ను కళ్లు మూసుకోమని, పెన్సిల్ మొనతో వేలి కొసకు అటూ ఇటూ మెల్లగా తాకండి. కుడి చేతి వేలికీ అలాగే చేసి తేడా అడగండి. స్పర్శ నరం తెగిన పక్కన చెమట పట్టదు. మిగతా వేళ్ల కొసలు కాస్త తేమగా తగిలితే, అక్కడ మాత్రం పొడిగా, నున్నగా తగులుతుంది.

ఇంత తొందర పెట్టడానికి కారణం ఉంది. లంగా నాడా తెగినప్పుడు కొస లోపలికి జారిపోతుంది కదా. వెంటనే అయితే పిన్నీసు పెట్టి బయటికి లాగొచ్చు, ఆలస్యమయ్యే కొద్దీ దొరకదు. టెండన్ కూడా అంతే. తెగిన కొసను కండ వెనక్కి, అరచేతిలోకి లాగేసుకుంటుంది. రోజులు గడిచేకొద్దీ అది కురచబడి అక్కడే అతుక్కుపోతుంది. మొదటి వారం, పది రోజుల్లో అయితే రెండు కొసలనూ కలిపి నేరుగా కుట్టడానికి మంచి అవకాశం ఉంటుంది. రెండు వారాలు దాటితే కష్టమవుతూ వస్తుంది. నెల దాటి వస్తే చాలాసార్లు వేరే చోటినుంచి టెండన్ ముక్క తెచ్చి వేయాలి, కొందరికి రెండు ఆపరేషన్లు అవసరమవుతాయి. మీకు నాలుగు రోజులే అయింది, ఇంకా టైమ్ ఉంది.

మూడు వారాల తర్వాత నా దగ్గరికొచ్చిన ఒక గీత కార్మికుడు ఇప్పటికీ గుర్తొస్తాడు. పుండు చక్కగా మానింది, మచ్చ కూడా సన్నగా ఉంది. కానీ మోకు పట్టుకుంటే ఉంగరం వేలు ఒక్కటి నిటారుగా నిలబడిపోయేది. చెట్టెక్కే మనిషికి పట్టు జారితే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. పుండు మానింది కదా అనే ఆయన అన్ని రోజులు ఆగాడు.

ఇక మీరు చేసిన ప్రథమ చికిత్స గురించి. గుడ్డ మడతపెట్టి గట్టిగా అదిమారు చూశారా, అది సరైన పని. రక్తం ఆగింది ఆ ఒత్తిడి వల్లే. పసుపు, కాఫీ పొడి చేసిందేమీ లేదు. పసుపుకు కొన్ని సూక్ష్మజీవులను అడ్డుకునే గుణం ఉందన్నది నిజమే, కానీ పోపులపెట్టెలోని పసుపు శుభ్రం చేసిన మందు కాదు. పైగా పుండంతా పచ్చగా, నల్లగా పెచ్చు కడితే లోపల ఎరుపెక్కిందా, చీము పట్టిందా అని చూడటం మాకూ కష్టం. గెట్టు మీది ఆకుతో మట్టి కూడా లోపలికి వెళ్తుంది. ఇప్పుడు ఆ పెచ్చును గోకకండి. కట్టు అంటుకుపోయి ఉంటే కాచి చల్లార్చిన నీళ్లతో తడిపి తీయండి, రానిది అలాగే వదిలేయండి, ఆస్పత్రిలో తీస్తారు.

ఇకముందు ఎవరికైనా ఇలా తెగితే శుభ్రమైన నూలు గుడ్డ పెట్టి, చేతిని గుండె కంటే ఎత్తులో ఉంచి, గడియారం చూసుకుని 10 నుంచి 15 నిమిషాలు అదిమి పట్టండి. ఆగిందా అని మధ్యలో ఎత్తి చూడొద్దు, ఎత్తిన ప్రతిసారీ గడ్డకట్టిన రక్తం ఊడిపోతుంది. గుడ్డ తడిస్తే దాని మీదే ఇంకోటి వేయండి. సుతిలి, రబ్బరు బ్యాండు లాంటివాటితో మణికట్టు దగ్గర బిగించకండి, అవి పైపై రక్తనాళాలను మూసి రక్తస్రావాన్ని ఇంకా పెంచుతాయి. వేలికి ఉంగరం ఉంటే వాపు రాకముందే తీసేయాలి. రక్తం చిమ్ముతూ ఉంటే, అదుముతూనే 108కు ఫోన్ చేయించండి. రక్తం ఆగాక ధార కింద ఐదు నిమిషాలైనా కడగాలి. మర్రిగూడ, మునుగోడు వైపు వాళ్లు ఫ్లోరైడ్ బోరు నీళ్లతో కడగొచ్చా అని అడుగుతుంటారు. కడగొచ్చు. ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి తాగితే చేసే హాని వేరు, పుండు కడిగితే ఏం కాదు. స్పిరిట్, కిరోసిన్, సున్నం, బీడీ బూడిద మాత్రం వద్దు. ఫెవిక్విక్ అసలే వద్దు. ఆస్పత్రుల్లో చర్మాన్ని అతికించే జిగురు ఉంది కానీ అది వేరే తయారీ, దాన్నీ ఇలాంటి లోతు గాయాలకు వాడం.

టీటీ సంగతి. తుప్పు పట్టిన ఇనుము తగిలితేనే ధనుర్వాతం వస్తుందనుకుంటారు. ఆ క్రిమి ఉండేది మట్టిలో, పెండలో. మెరిసే కొత్త కొడవలి అయినా గడ్డి కోసిన చేతికి తగిలితే ప్రమాదమే. మీరు ఇంజక్షన్ వేయించడం మంచిదైంది. అయితే ఇంతకుముందు ఎప్పుడూ వేయించుకోని మనిషికి ఆ ఒక్క డోసు వెంటనే రక్షణ ఇవ్వదు. మీకు గర్భంతో ఉన్నప్పుడు వేసి ఉంటారు, మగవాళ్లలో చాలామందికి చిన్నప్పటి తర్వాత వేసిన గుర్తే ఉండదు. ఆయనకు ముందు డోసులు పడినట్టు తెలియకపోతే ఆస్పత్రిలో ఆ మాట చెప్పండి, టెటనస్ ఇమ్యూనోగ్లోబ్యులిన్ అనే ఇంజక్షన్ అవసరమా అని అడగండి. 24 గంటలు దాటితే వృథా అనేది తప్పు, నాలుగో రోజైనా ఇస్తారు. దవడలు పట్టేసినా, మింగడం కష్టమైనా క్షణం ఆగకూడదు.

కుట్ల గురించి అడిగారు. పైచర్మానికి సాధారణంగా తెగిన కొన్ని గంటల్లోనే వేస్తాం. నాలుగో రోజున లోపల శుభ్రంగా ఉంటే ఇప్పుడూ వేయొచ్చు. చీము ఉంటే ముందు కడిగి, తెరిచి ఉంచి, తర్వాత మూస్తాం. అది సర్జన్ చూసి తేల్చాల్సిన విషయం.

పప్పు తింటే చీము పట్టదమ్మా. చీము పట్టేది క్రిముల వల్ల. తెగిన కండ అతకడానికి మాంసకృత్తులు కావాలి. పప్పు పెట్టండి, గుడ్డు పెట్టండి, వంకాయ కూడా పెట్టండి. పథ్యం పేరుతో చారన్నం ఒక్కటే పెడితే పుండు ఆలస్యంగా మానుతుంది. షుగర్ ఒకసారి చూపించండి. బీడీ తాగే అలవాటుంటే ఆపమనండి, పొగ వేలికి వెళ్లే సన్నని రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది.

ఆపరేషన్ అయితే దాదాపు మూడు నెలలు ఆ చేత్తో బరువు పని కుదరదు. కూలీలను పెట్టుకోవాలి, డబ్బు ఖర్చవుతుంది, అది మీకు భారమని తెలుసు. కానీ పిడికిలి బిగియని చేయి ఏటా ప్రతి పంటకూ అడ్డం వస్తుంది.

వెళ్లేటప్పుడు మెత్తటి గుడ్డను ఉండగా చుట్టి అరచేతిలో పెట్టి, వేళ్లు సగం ముడిచినట్టు ఉంచి వదులుగా కట్టండి. దేవరకొండలో కట్టు మార్పించుకుని తిరిగొచ్చేయకండి, నల్లగొండ ప్రభుత్వ ఆస్పత్రికి వెళ్లండి. అక్కడి నుంచి హైదరాబాద్ రాస్తే ఉస్మానియాలో, నిమ్స్‌లో ప్లాస్టిక్ సర్జరీ విభాగాలున్నాయి. ఆధార్, ఆరోగ్యశ్రీ కార్డు వెంట ఉంచుకుని, ఖర్చు వర్తిస్తుందో లేదో ఆరోగ్యమిత్రను అడగండి. డాక్టర్ ముందు కూర్చోగానే కొడవలి కథంతా చెప్పేకంటే, "వేలి కొస వంగట్లేదు, ఒక పక్క స్పర్శ లేదు" అని మొదట చెప్పండి. పైపైన డ్రెస్సింగ్ చేసి పంపిస్తుంటే, ఎముకల డాక్టర్‌కో ప్లాస్టిక్ సర్జన్‌కో చూపించమని మొహమాటం లేకుండా అడగండి.