ఉప్పు బోరు కింద ఏ కూరగాయలు నిలుస్తాయి?

ప్రశ్న: గుంటూరు శివార్లలో మాకు అరెకరం కూరగాయల తోట ఉంది. బోరు నీటిని పరీక్ష చేయిస్తే ఇ.సి. (ఉప్పు ఎంత ఉందో చూపే విద్యుత్ వాహకత) 2.4 అని వచ్చింది. బీన్స్ మొలకలు ఆకుల అంచులు మాడి చనిపోతుంటే, పక్క సాళ్లలోని టమాటా మాత్రం పచ్చగానే ఉంది. జిప్సం వేయమని ఎరువుల కొట్టువారు చెబుతున్నారు. ఏం చేయాలి?
– ఒక రైతు, గుంటూరు

జవాబు: మీరు రాసిన 2.4 నీటికి సంబంధించిన అంకె. పైరును బాధించేది మట్టిలో పేరుకున్న ఉప్పు. మొక్క నీటిని తీసుకుని ఉప్పులో అధిక భాగాన్ని నేలలోనే వదిలేస్తుంది కనుక, పారించిన నీటిలో ఆరో వంతు వేళ్లను దాటి కిందికి ఇంకిపోయే నేలల్లో కూడా మట్టి ఇ.సి. నీటి ఇ.సి.కి సుమారు ఒకటిన్నర రెట్లు ఉంటుంది. ఆ లెక్కన మీ తోటలో అది 3.6 దగ్గర ఉండవచ్చు.

అమెరికాలో మాస్, హాఫ్‌మన్ అనే శాస్త్రవేత్తలు 1977లో ప్రకటించిన పట్టిక ప్రకారం బీన్స్ తట్టుకునే మట్టి ఇ.సి. హద్దు 1.0 మాత్రమే, ఆపైన పెరిగే ఒక్కో యూనిట్‌కు దిగుబడి 19 శాతం చొప్పున పడిపోతుంది. 3.6 వద్ద సగం పంట పోయినట్టే. టమాటా హద్దు 2.5, తగ్గుదల దాదాపు 10 శాతం కాబట్టి మీకు కలిగే నష్టం పదకొండు శాతానికి మించదు. ఉల్లికి 38, మిరప జాతికి 29 శాతం దాకా నష్టం ఉండగా, హద్దు 4.0 ఉన్న బీట్‌రూట్‌కు నష్టమే కనిపించదు. ఈ అంకెలను పైర్ల మధ్య తారతమ్యం తెలుసుకోవడానికి వాడుకోండి, రూపాయల లెక్కకు కాదు.

ఎదిగిన పైరు ఓర్పు వేరు, మొలక ఓర్పు వేరు. అంత గట్టిదైన బీట్‌రూట్ కూడా మొలకెత్తే దశలో సున్నితమే. అందువల్ల కాలువ నీరు గాని వాన నీరు గాని కొంచెమే దొరికితే, దాన్ని నారుమడికి, నాటిన తొలి రోజులకు దాచుకోవడం మేలు. బోదె నెత్తిన తెల్లటి పొర కట్టడం మీరు చూసే ఉంటారు. తేమ పైకి ఎగబాకి ఆవిరైన చోట ఉప్పంతా చేరుతుంది. కాబట్టి నారును బోదె నెత్తిన కాక, నీటి అంచుకు దగ్గరగా పక్కవాలులో నాటండి. స్ప్రింక్లర్లు వద్దు, ఉప్పునీరు ఆకుల మీద పడితే మాడతాయి. డ్రిప్ అయితే ఉప్పును తడి అంచులకు నెడుతుంది గాని, తొలి చినుకులు ఆ ఉప్పును తిరిగి వేళ్ల మీదికి తెస్తాయి కనుక వాన మొదలయ్యేటప్పుడు డ్రిప్ ఆపకూడదు.

ఇక జిప్సం సంగతి. అది సోడియం పట్టి బిగుసుకుపోయిన కారుచౌడుకు మందు. ఉప్పు పేరుకున్న నేల, అంటే పాలచౌడులోని ఉప్పును అది తగ్గించలేదు. దానికి మంచి నీటితో కడిగి మురుగు కాలువ గుండా బయటికి పంపడమే దారి. మట్టి పరీక్షలో ఉదజని సూచిక (pH) 8.5 దాటి, సోడియం కూడా ఎక్కువని తేలితేనే జిప్సం కొనండి. పొటాష్ వేయాల్సి వస్తే, క్లోరైడ్ ఉండే మ్యూరేట్‌కు బదులు సల్ఫేట్ రూపంలోనిది వాడండి.